తూకానికి రాని దుమ్ము

ఇల్లందుకి పాత పేరు బొగ్గుట్ట. భద్రాచలం వెళ్లే యాత్రికులు దారిలో అక్కడ ఆగి, రాళ్లు చేర్చి పొయ్యి రాజేస్తే కట్టెలతో పాటు రాళ్లూ అంటుకున్నాయని ఆ ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ వచ్చి అక్కడ బొగ్గుందని తేల్చాడు. ఒక బొగ్గు పొరకి ఆయన పేరే పెట్టారు. 1889లో తవ్వకం మొదలైంది. రాయి మండడం మొదట చూసింది పొయ్యి ముందు కూర్చున్న స్త్రీయే అయివుండాలి. ఆమె కథలో లేదు. కథే కదా, పోనిద్దాం. కాని ఆ తర్వాత 130 ఏళ్లకు పైగా ఈ అడవి అంచున బొగ్గు చుట్టూ వేసిన లెక్కల్లో కూడా ఆమె లేకపోవడాన్ని మాత్రం పోనివ్వలేం.

బొగ్గుకి లెక్క ఉంది. గ్రేడు కడతారు, లారీని తూచి చీటీ ఇస్తారు, టన్నుకింత అని ప్రభుత్వానికి రాయల్టీ చెల్లిస్తారు. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. కంపెనీలో 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. మణుగూరు, ఇల్లందు, కొత్తగూడెం, సత్తుపల్లి ప్రాంతాల్లో గాలిలో ధూళి ఎంత ఉందో కొలిచే యంత్రాలు కూడా ఉన్నాయి. ఆ గాలి పీల్చే మనిషిని, అందులోనూ గనిలో పని చేయని మనిషిని, కొలిచే ఏర్పాటు మాత్రం లేదు. ఈ సంపాదకీయం ఆ లేని లెక్క గురించి.

మన రెండు రాష్ట్రాల్లో తవ్వకం వల్ల వచ్చే కాలుష్యం అనగానే చాలామందికి కోనసీమ చమురు బావులు గుర్తొస్తాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. దేశమంతా చూసిన మంటలవి. మంత్రులు వచ్చారు, విచారణ సంఘాలు వేశారు, నష్టపరిహారం ప్రకటించారు. మంటలు ఆరిన తర్వాత ఆ ఊళ్లలో బావి నీళ్లు ఏమయ్యాయి, కడుపుతో ఉన్నవాళ్లు ఎలా ఉన్నారు అన్న ప్రశ్నలకి పత్రికల్లో దొరికిన చోటు బహు తక్కువ. అదే గోదావరికి ఎగువన, ఖమ్మం-భద్రాచలం అడవి అంచున, చూపించడానికి అంత పెద్ద మంట కూడా లేదు. ఇక్కడి హాని రోజూ కొంచెం కొంచెంగా జరుగుతుంది. కొంచెం కొంచెంగా జరిగేదాన్ని గుర్తుపట్టేది ఇల్లు ఊడ్చేవాళ్లే.

భూగర్భ గనులున్న రోజుల్లో దుమ్ము చాలావరకు గని లోపలే ఉండేది, కార్మికుడి ఊపిరితిత్తుల్లో ఉండేది. ఇప్పుడు సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్ కాస్టు గనుల నుంచే వస్తోంది. ఓపెన్ కాస్టు అంటే గని ఊళ్లోకి రావడం. ఒక టన్ను బొగ్గు కోసం ఎన్నో ఘనపు మీటర్ల మట్టి, రాయి తవ్విపోస్తారు. ఆ మట్టి ఊరి పక్కన గుట్టలుగా లేస్తుంది, వాన పడితే వాగులోకి, పొలాల్లోకి జారుతుంది. పేలుళ్లకి గోడలు బీటలిస్తున్నాయని సత్తుపల్లిలో జలగం వెంగళరావు ఓపెన్ కాస్టు పక్క కాలనీల వాళ్లు ఎన్నోసార్లు రోడ్డెక్కారు. గొయ్యి లోతుకి పోయేకొద్దీ చుట్టూ భూమిలో నీళ్లు దాంట్లోకి దిగుతాయి. అలా ఊరిన నీటిని మోటార్లు పెట్టి తోడి బయట పోస్తారు. ఊళ్లో బావి ఎండుతుంది, బోరింగు గాలి కొడుతుంది. ఆ తర్వాత ట్యాంకరు వస్తుంది. ట్యాంకరు రావడాన్ని కంపెనీ తన సేవా కార్యక్రమాల కింద రాసుకుంటుంది. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి నిలబడ్డ గంటలు ఏ పద్దు కిందా రాయరు.

ఇంటి పని అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం గాని, గని పక్క ఊళ్లో దాని బరువే వేరు. వాకిలి రెండుసార్లు కాదు, నాలుగైదుసార్లు ఊడవాలి. ఆరేసిన బట్టలు మళ్లీ దులపాలి. బిందె మీద మూత, మూత మీద గుడ్డ. పసిపిల్లకి దగ్గు వస్తే రాత్రంతా భుజాన వేసుకుని తిరగాలి. ఈ పనికి కూలి లేదు సరే, దీన్ని కాలుష్యం వల్ల కలిగిన నష్టంగా గుర్తించిన పర్యావరణ ప్రభావ నివేదిక నా కంట పడలేదు.

చట్టం ఎవరిని గుర్తిస్తుందో చూద్దాం. బొగ్గు దుమ్ముతో వచ్చే న్యుమోకోనియోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు 1952 గనుల చట్టం కింద ప్రకటిత వ్యాధి. అంటే డాక్టరు దాన్ని గుర్తిస్తే పై అధికారులకి తెలియజేసి తీరాలి, కార్మికుడికి పరిహారం అడిగే హక్కు ఉంటుంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో కూడా ఆ జబ్బు జాబితాలో ఉంది. ఇది కార్మికోద్యమం పోరాడి తెచ్చుకున్న హక్కు, దాన్ని తక్కువ చేసి చూడనక్కర్లేదు. ఆచరణలో ఎంతమంది కార్మికులకి దక్కిందన్నది వేరే ప్రశ్న. కాని అదే కార్మికుడి బట్టలు ఉతికే భార్యకి అదే దుమ్ము సోకితే ఆ జబ్బుకి చట్టంలో పేరే లేదు. ఇది ఊహించి చెప్తున్నది కాదు. 1965లో లండన్‌లో ఆస్‌బెస్టాస్ మీద అచ్చయిన ఒక పరిశోధనలో, ఏనాడూ ఫ్యాక్టరీ గడప తొక్కని స్త్రీలకి కూడా ఊపిరితిత్తుల పొరకి వచ్చే కాన్సరు కనపడింది. వాళ్లు చేసిన పనల్లా ఫ్యాక్టరీకి వెళ్లే భర్తల బట్టలు ఉతకడం. బొగ్గు దుమ్ము ఆస్‌బెస్టాస్ ఒకటి కాదు, జబ్బులూ ఒకటి కాదు. అయినా ఫ్యాక్టరీ గేటు దగ్గర పని ఆగుతుంది గాని దుమ్ము ఆగదన్న సంగతి 60 ఏళ్ల కిందటే వైద్యశాస్త్రానికి తెలుసు.

బొగ్గు తవ్వడంతో అయిపోలేదు, కాల్చాలి కూడా. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. పాల్వంచలో 1960లలో మొదలైన కొత్తగూడెం థర్మల్ స్టేషన్ పాత యూనిట్లు 2020 మార్చిలో మూతపడ్డాయి. వాటి ఎత్తైన కూలింగ్ టవర్లని 2024 ఆగస్టులో పేల్చి కూల్చారు. టవర్లు కూలడాన్ని జనం సెల్‌ఫోన్లలో బంధించుకున్నారు. అర్ధ శతాబ్దం పాటు ఆ పొయ్యిలు కక్కిన బూడిదని కూల్చడానికి మందుగుండు లేదు. బూడిదలో సిలికా ఉంటుంది, కొద్ది పాళ్లలో ఆర్సెనిక్, సీసం, పాదరసం వంటివి ఉంటాయి. చెరువు ఎండినప్పుడు గాలితో, నిండినప్పుడు నీటితో అది ప్రయాణం చేస్తుంది. స్టేషన్ కోసం ఆనకట్ట కట్టిన కిన్నెరసాని గోదావరిలో కలిసే ఏరు. దాని ఒడ్డున బతికే కోయ, లంబాడా కుటుంబాలకి ఆ నీళ్లు తాగునీళ్లు, పశువుల నీళ్లు, చేపల నీళ్లు.

స్త్రీల శరీరాల విషయానికి వద్దాం. సన్నని ధూళి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరుతుందని, గర్భిణుల విషయంలో తక్కువ బరువు పిల్లలు పుట్టడానికి, నెలలు నిండని కాన్పులకి దానితో సంబంధం ఉందని ఎన్నో దేశాల పరిశోధనలు చూపాయి. మన స్త్రీలకి దీనిపైన కట్టెల పొయ్యి పొగ ఉంది, రక్తహీనత ఉంది, బిందెల బరువు ఉంది. గ్రామాల్లో కూర్చుని అడిగితే వినపడేవి దగ్గు, ఆయాసం, నడుం నొప్పి, తెల్లబట్ట, నెలసరి తేడాలు. వీటికి వాళ్లు ముందు ఆర్ఎంపీ దగ్గరికి పోతారు, తర్వాత పట్నంలో ఒక నర్సింగ్‌హోంకి. చాలాసార్లు అక్కడ తేలే వైద్యం గర్భసంచి తీసేయడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు, తెలంగాణలో 8 శాతం పైన, ఆంధ్రప్రదేశ్‌లో ఇంకాస్త ఎక్కువ. బొగ్గు వల్లే గర్భసంచులు పోతున్నాయని మేం అనడం లేదు. అలా అనడానికి ఆధారం లేదు. ఏ జబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో వెతికే ఓపిక వ్యవస్థకి లేనప్పుడు, శరీరంలో ఒక భాగాన్ని తీసి పారేయడం దానికి తేలికైన జవాబు అవుతుందని మాత్రమే అంటున్నాం. కాలుష్యం మీద పనిచేసేవాళ్లు గర్భసంచి ఆపరేషన్ల గురించి మాట్లాడరు. స్త్రీల ఆరోగ్యం మీద పనిచేసేవాళ్లు బూడిద చెరువు గురించి మాట్లాడరు. ఇది మన సంస్థల్లోనే ఉన్న గోడ.

జబ్బుల రికార్డు కూడా ముక్కలు ముక్కలుగా ఉంది. పర్మినెంటు కార్మికుడి కుటుంబానికి కంపెనీ ఆసుపత్రి ఉంది. మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్లది, వాళ్ల దగ్గర పనిచేసేవారి కుటుంబాలకి ఆ స్థాయి వైద్యం లేదు. భూమి పోగొట్టుకుని పక్క ఊళ్లో కూలికి పోయే కోయ స్త్రీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోతుంది, లేదా ఎక్కడికీ పోదు. ఇక 2005 తర్వాత సల్వాజుడుం హింసకి భయపడి బస్తర్ నుంచి వచ్చి ఈ అడవుల్లో తలదాచుకున్న గుత్తికోయలు ఉన్నారు. వాళ్లని ఇక్కడ షెడ్యూల్డు తెగగా గుర్తించలేదు, చాలా గుంపులకి బోరింగు లేదు, తాగేది వాగు నీళ్లే. వాగు నల్లగా పారితే ఫిర్యాదు చేయడానికి కూడా ముందు ఆ స్త్రీ ఎక్కడి మనిషో రుజువు చేసుకోవాలి.

ఇన్నాళ్లూ నష్టపరిహారం అంటే భూమికి డబ్బు, ఇంటికో ఉద్యోగం. పట్టా మగవాడి పేరున ఉంటుంది, డబ్బు అతని ఖాతాలో పడుతుంది. ఉద్యోగమా, 1952 చట్టం స్త్రీలని భూగర్భంలో పనికి పెట్టుకోకూడదంది. 2019లో కేంద్రం దాన్ని కొంత సడలించేదాకా గని ఉద్యోగం అంటే మగ ఉద్యోగమే. వారసత్వ ఉద్యోగం కొడుక్కి, కొడుకు లేకపోతే అల్లుడికి అన్నది ఎంతోకాలం నడిచిన మాట. అడవిలో ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు, చీపుళ్లు ఏరి స్త్రీ సంపాదించుకున్న డబ్బు ఏ పట్టాలోనూ లేదు కాబట్టి ఆ అడవి పోయినప్పుడు ఆమెకి పోయిందేమీ లేనట్టే లెక్క.

చట్టాలు లేక కాదు. 1997 సమత తీర్పు షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు చెల్లవంది, ప్రభుత్వ కంపెనీలకి అడ్డు పెట్టలేదు. 2013 భూసేకరణ చట్టం వితంతువుల్ని, విడాకులు పొందినవాళ్లని, కుటుంబం వదిలేసినవాళ్లని విడి కుటుంబాలుగా లెక్కించమంది. ఈ నిబంధన మన కార్యకర్తల్లో చాలామందికి తెలియదు, తహసీల్దారుకి తెలిసినా చెప్పడు. 1957 నాటి బొగ్గు భూముల సేకరణ చట్టం కింద భూమి తీసుకుంటే పరిహారం, పునరావాసం మాత్రం 2013 చట్టం ప్రకారం ఇస్తారు, సామాజిక ప్రభావ అంచనా చేయనక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఇవ్వమంది. ఊరి గ్రామసభ కోరంలో మూడో వంతు స్త్రీలు ఉండాలంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది. సింగరేణి మన కంపెనీ, మన బిడ్డల అన్నం గిన్నె, దాన్ని వేలెత్తి చూపితే ప్రైవేటువాళ్లకి దారి వేసినట్టేనని కార్మిక సంఘాల మిత్రులు అంటారు. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైగా గనులు బంద్ పెట్టినప్పుడు జీతం లేని ఇళ్లని నడిపింది స్త్రీలే, కాబట్టి ఆ అన్నం గిన్నె విలువ వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఓపెన్ కాస్టులు వద్దన్నది తెలంగాణ ఉద్యమంలో గట్టిగా వినిపించిన మాట. 2014లో రాష్ట్రం వచ్చింది, ఓపెన్ కాస్టులు ఆగలేదు. ప్రభుత్వ రంగాన్ని కాపాడుకోవడం, ప్రభుత్వ రంగాన్ని లెక్క అడగడం ఒకదానికొకటి అడ్డమని మేం అనుకోవడం లేదు. ప్రభుత్వానిదే కాబట్టి అడిగే హక్కు ఇంకా ఎక్కువ.

లెక్క వేయండి అని డిమాండ్ చేసేముందు, ఎవరు వేయాలన్నది తేల్చుకోవాలి. ఈ జిల్లా లెక్కల చేదు ఎరిగినదే. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల ఆడపిల్లలకి, ఎక్కువగా ఆదివాసీ, పేద పిల్లలకి, గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమం అది. సుమారు 14,000 మంది పిల్లలు. హాస్టళ్లలో ఎంతోమంది తల్లిదండ్రులకి బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. స్త్రీల ఆరోగ్య సంఘాలు ఊళ్లు తిరిగి నిజాలు బయటపెట్టాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపారు. మరణాలకి టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. సమ్మతి తీసుకున్న తీరుని, టీకా తర్వాత పిల్లల్ని గమనించే ఏర్పాటు సరిగ్గా లేకపోవడాన్ని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ పిల్లల తల్లుల దగ్గరికి మళ్లీ కాగితాలు పట్టుకుని రక్తం నమూనా ఇవ్వమంటే ఎందుకివ్వాలి? పరిశోధకురాలిగా ఈ ప్రశ్న నాకు సుఖంగా లేదు. కాని ముందు జవాబు చెప్పాల్సింది దీనికే.

ఒక జవాబు ఈక్వడార్‌లో దొరికింది. అమెజాన్ అడవిలో టెక్సాకో కంపెనీ 1960ల నుంచి చమురు తవ్వి, విష జలాలని గుంటల్లోకి, వాగుల్లోకి వదిలింది. 1993లో ప్రజలు కోర్టుకెక్కారు. మీ జబ్బులకి మా చమురే కారణమనడానికి రుజువేదని అక్కడా అడిగారు. అప్పుడు వైద్యులు, స్థానిక ఆరోగ్య కార్యకర్తలు కలిసి చమురు బావులకి దగ్గరలో, వాగుకి దిగువన ఉన్న ఊళ్లలో స్త్రీలని, దూరంగా ఎగువన ఉన్న ఊళ్లలో స్త్రీలని ఒకే ప్రశ్నలు అడిగారు. ఎన్ని గర్భాలు, ఎన్ని నిలిచాయి, ఎన్ని పోయాయి, ఎక్కడి నీళ్లు తాగుతారు. 2002లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం చమురు ఊళ్లలో గర్భస్రావం అయ్యే అవకాశం సుమారు రెండున్నర రెట్లు. మృత శిశువుల విషయంలో తేడా కనపడలేదు, అదీ దాచకుండా రాశారు. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. రెండు రకాల ఊళ్లు కావాలి, తడబడకుండా ఒకే ప్రశ్న అడిగే మనుషులు కావాలి, స్త్రీలు నమ్మి చెప్పాలి.

ఆ మనుషులు మన దగ్గర ఉన్నారు. పాల్వంచ మండలంలోనే పునుకుల ఉంది. పత్తి చేలలో పురుగుమందుల అప్పులు, ఆసుపత్రి ఖర్చులు కళ్లారా చూసిన ఆ ఊరు, 2000 దశకం మొదట్లో స్వయం సహాయక సంఘాల స్త్రీలు ముందుండి నడిపించగా రసాయన మందులని మానేసింది. ముందుగా వాళ్లు చేసింది ఇంటి ఖర్చు లెక్క రాసుకోవడం.

కాబట్టి ఈ మూడు నెలల్లో చేయదగ్గ పనులు. గనికి, బూడిద చెరువుకి దగ్గరగా ఉన్న ఊళ్లు కొన్ని, దూరంగా ఉన్నవి కొన్ని ఎంచుకుని, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల సాయంతో స్త్రీల ఆరోగ్య పుస్తకం ఒకటి మొదలుపెట్టాలి. పుస్తకం ఆ ఊరి స్త్రీల సంఘం దగ్గరే ఉండాలి. నకలు ఎవరికివ్వాలో, పేర్లు తీసేసి ఇవ్వాలో వాళ్లే నిర్ణయించాలి. మన సంస్థలు, నాలాంటి పరిశోధకులు అడిగి తీసుకోవాలి.

డబ్బు లేదనే మాట చెల్లదు. 2015 నుంచి గనుల రాయల్టీ మీద జిల్లా ఖనిజ నిధికి వాటా జమ అవుతోంది. అది ప్రభావిత గ్రామాల కోసం. 2024 మార్గదర్శకాల ప్రకారం అందులో కనీసం 70 శాతం నేరుగా ప్రభావితమైన ప్రాంతాల్లో తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం, స్త్రీ శిశు సంక్షేమం వంటి వాటికే ఖర్చు పెట్టాలి. గనికి 15 కిలోమీటర్ల లోపున్న ఊళ్లన్నీ నేరుగా ప్రభావితమైనవే. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఈ నిధి పనులకి గ్రామసభ ఆమోదం కావాలి. భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల నిధి నుంచి మీ ఊరికి ఏం వచ్చిందో సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తు పెట్టి చూడండి. సిమెంటు రోడ్డు వచ్చి ఉంటే ఆరోగ్య పరీక్షలకి ఎంత పెట్టారో రెండో దరఖాస్తులో అడగండి.

కొత్త గనికో విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే నెల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి, సభ మొత్తం వీడియో తీయాలి. మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ స్టేషన్ పనులు పర్యావరణ అనుమతి రాకముందే మొదలయ్యాయి. 2015 డిసెంబరులో హరిత ట్రిబ్యునల్ ఆపమంది. 2017లో అనుమతి వచ్చింది, 2022 నాటికి నాలుగు యూనిట్లూ నడిచాయి. కాబట్టి ఆ సభలు ఏమాత్రం పనిచేస్తాయన్న మీ సందేహం న్యాయమైనదే. అయినా అక్కడ స్త్రీ మాట్లాడిన మాట రికార్డులోకి ఎక్కితీరుతుంది. ట్రిబ్యునల్‌కి పోయిన రోజున చేతిలో ఉండే కాగితం అదే. సభ పొద్దున పెడతారు. నీళ్లు పట్టి, వంట చేసి, కూలి మానుకుని రావాలి. టెంటు ముందు వరసలు నిండిపోయి ఉంటాయి. ఆరోగ్య పుస్తకం పట్టుకుని, పది మంది కలిసి, ముందురోజు సాయంత్రమే ఆ ఊరు చేరుకోండి.